తడి ఆరని పంచె

నెలకో ఆదివారం మధ్యాహ్నం నంద్యాలలో మా ఇంటి హాల్లో ఐదుగురం కూర్చుని పుస్తకాలు చదువుకుంటాం. చదువుకుంటాం అనడం కూడా తప్పే, చెప్పుకుంటాం. మా పద్ధతి విన్నవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. మాకు నచ్చేవన్నీ అచ్చులో లేని పాత పుస్తకాలు. పుస్తకం ఒకటి, మనుషులం ఐదుగురం. ఒకరు చదివి ఇంకొకరికి ఇచ్చేలోపు ఏడాది తిరిగిపోయేది. ముందు చదివినవాళ్లు నోరు ఊరుకోక కథంతా బయటపెట్టేసేవాళ్లు. ఆ గొడవలు పడలేక మాలో ఒకడైన బైండింగు భాయి ఒక ఉపాయం చెప్పాడు. పాత పుస్తకానికి ఎలాగూ కుట్లు వదులైపోయి ఉంటాయి, పూర్తిగా విప్పేసి ఐదు ముక్కలు చేస్తాను, ఎవరి ముక్క వాళ్లు ఇంటికి తీసుకుపోండి, నెలకొకరు మీ ముక్కలోని కథ మీ నోటితో మీరే చెప్పండి, అంతా అయ్యాక మళ్లీ కుట్టి అట్ట వేస్తాను అన్నాడు. అప్పటినుంచి అదే రివాజు. పక్కవాళ్ల ముక్క ముట్టుకోకూడదు. కుట్టిన పుస్తకం మాత్రం మొదటి ముక్క చెప్పినవాళ్ల ఇంటికే ముందు పోతుంది.

భాయికి గాంధీచౌక్ దగ్గర సందులో చిన్న అంగడి ఉంది. మిగిలినవాళ్లలో ఒకాయన మందుల షాపు నడుపుతాడు. ఇంకొకాయన డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన సారు. మా అందరిలో కథ చెప్పడమంటే ఆయనదే. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసినదాన్ని. ట్రంకుకాల్స్ కాలంలో ఈ చుట్టుపక్కల ఊళ్ల గుట్లన్నీ నా చెవుల్లోంచే పోయేవి. వినకూడదంటారు గానీ వినకుండా ఎవరుంటారు? అన్నేళ్లూ విని నేను నేర్చుకున్నది ఒకటే, వినడం వేరు, తెలియడం వేరు. ఈ మాట ఎన్నిసార్లు అన్నా మావాళ్లు పట్టించుకోరు. నాది కోపపు నోరని వాళ్ల ఫిర్యాదు.

ఐదో మనిషి ఆళ్లగడ్డ అక్క. నాతోపాటు హైస్కూల్లో చదివినామెకు అక్క, కాబట్టి నాకూ అక్కే. ఆళ్లగడ్డ పక్క పల్లెలో ఒంటరిగా ఉంటుంది. శెనక్కాయల పొట్లం విప్పితే శెనక్కాయలు పక్కన పెట్టి ముందు కాగితం చదివే రకం. ప్రతినెలా బస్సెక్కి సిరివెళ్ల మీదుగా వచ్చేది, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేది.

ఆ ఏడు మేం విప్పింది ఒక గూఢచారి నవల. ఏదో విదేశీ పుస్తకానికి పాత తెలుగు అనువాదం. అట్టా మొదటి పేజీలూ ఊడిపోయి పేరు కూడా తెలియదు. ఇది ప్రపంచమంతా మెచ్చుకున్న పుస్తకమే అయ్యుంటుందని సారు నమ్మకం. ముక్కలు పంచుకున్నాం. మొదటిది అక్కకు, రెండోది నాకు, తర్వాత భాయికి, మందుల షాపాయనకు, చివరిది సారుకు.

మొదటి నెల అక్క చెప్పింది. ఒక దేశంలో ఒక ఆఫీసరు, లోపల్లోపల పక్క దేశానికి పని చేస్తుంటాడు. గుట్టు బయటపడేలా ఉందని తెలిసి, ఒక రాత్రి మంచుకొండలు దాటి పారిపోవాలనుకుంటాడు. ఆ సంగతి ఆయన కాక ఇద్దరికే తెలుసు, పెళ్లానికి, ప్రాణస్నేహితుడికి. అక్క మంచు ఎన్నడూ చూసిన మనిషి కాదు. "నల్లమల అనుకోండి. పైనుంచి సున్నం కుమ్మరించినట్ల అనుకోండి," అంది. మాకందరికీ కళ్లకు కట్టింది.

రెండో నెల నా వంతు. నా ముక్కలో ఆఫీసరు కొండ దారిలో చచ్చిపోతాడు. సొంత దేశపు పోలీసులు ముందే అక్కడ కాపుకాసి ఉంటారు. ఎవరో చెప్పారు. నేను ఆ మాట దగ్గర ఆపి టీ పెట్టడానికి లేచాను. అప్పుడు అక్క అన్నది.

"మా ఆయప్పను గూడా ఇట్లనే చంపినారు."

ఆమె మొగుణ్ణి చంపారని మాకు తెలుసు. ఈ ప్రాంతంలో అది అడిగే సంగతి కాదు. ఎలా జరిగిందో ఆమె నోటితో వినడం మాత్రం అదే మొదలు. ఊళ్లో జరిగిన ఒక ఖూనీకి ఆయన సాక్షి. చెబితే చంపుతామన్నారు. కోర్టు వాయిదా దాకా నెలరోజులు ఇల్లు కదలకుండా దాక్కున్నాడు. ఊరు విడిచి పోయాడనే అందరూ అనుకున్నారు.

"వాయిదా పొద్దు తెల్లవారకముందే చేన్లల్లో పడి పోయి బస్సెక్కాల," అంది అక్క. "ఆ సంగతి ముగ్గురికే తెలుసు. ఆయప్పకు, నాకు, మా మరిదికి. మరిది తోడుపోవాల్సినోడు. తీరా ఆ పొద్దు జరమొచ్చిందని ముసుగేసుకోని పండుకున్యాడు. వంక కాడ కాసుకోనుండిరి వాళ్లు."

మరిదే చెప్పాడని ఎలా అంటావని నేను అడిగాను. నాకు ఊరుకోవడం రాదు.

"ఇంగొకటుండాది విను. నలుగురి ముందర నిలబడి సాక్షి చెప్పే మనిషి నలిగిన పంచెతో పోతాడా? నెలరోజులు ఆయప్ప గుడ్డలు నట్టింట్లోనే ఆరేసేదాన్ని. గంజి పెట్టిన గుడ్డ నీడలో ఆరితే వాసనొస్తాది గదా. అందుకే ముందురోజు గంజి పెట్టి, నీలిమందు ఏసి, మిద్దె మీద తీగెకు ఆరేసినా. మల్లెపువ్వు మాదిరుండె పంచె. ఇంగా ఒకపక్క తడి ఆరనే లేదు, మరిది పైకి పోయి లాక్కొచ్చి నా చేతిలో పెట్టినాడు. బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టుకోవాల్సి వచ్చె. వానికేం అవసరమప్పా అంత? అన్నను బయటికి పంపేదానికి తొందర. అప్పుడే నేను తెల్సుకోవాల్సింది."

అందరం తలూపాం. నేను కూడా ఊపాను. సారు మాత్రం, "మిద్దె మీద ఆరేసినావా అక్కా?" అని అడిగాడు. "ఆరేసినా సారూ. ఆ గుడ్డల్లోనే పాయె," అంది ఆమె. సారు కండువా సర్దుకుని లేచాడు. ఇచ్చిన టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. పిచ్చి ప్రశ్నలడిగి ఆమెను ఏడిపించాడని నేను లోపల తిట్టుకున్నాను.

ఆ చావు తర్వాత అక్క ఇంటి మధ్యలో గోడ పెట్టించింది. అటుపక్క మరిది సంసారం, ఇటుపక్క ఈమె ఒక్కతే. మరిది పిల్లలు గోడ మీదినుంచి పెద్దమ్మా అని పిలిచినా పలికేది కాదట. ముప్పై ఏళ్లకు పైగా అలాగే గడిచింది. ఈమె ఇంత పంతం పట్టినా అటునుంచి ఒక్క మాట రాలేదు, నేను చేయలేదు అని కూడా రాలేదు. చేయనివాడైతే ఒక్కసారన్నా అనడా అనేది ఆమె. మాకూ అది నిజమే అనిపించేది.

భాయి తన ముక్కలో అందరూ ఆఫీసరు స్నేహితుణ్ణే వేలెత్తి చూపారని చెప్పాడు. పారిపోయే దారి చెప్పిన ద్రోహి వాడేనని ఊరంతా నమ్మింది. తర్వాతి నెల మందుల షాపాయన చెప్పిన దాంట్లో ఆ స్నేహితుడు జబ్బుపడి చావుబతుకుల్లో ఉంటాడు. ఆఫీసరు పెళ్లాన్ని ఒక్కసారి చూడాలని కబురు పెడతాడు. ఆమె పోదు.

కథ అక్కడ ఆగిన రోజే అక్క తన సంగతి చెప్పింది. మరిదికి ఊపిరితిత్తులు చెడిపోయాయి. నంద్యాల ఆసుపత్రిలోనే పడుకోబెట్టారు. ఇన్నేళ్లకు తోడికోడలు ఫోన్ చేసిందట. 'వదినకు ఒక మాట చెప్పాల, ఒక్కసారి రమ్మను' అంటున్నాడని.

"పోయి చూడక్కా, చచ్చిపోయేవాడితో ఏం పంతం?" అన్నాను.

ఆమె నా మాట వినలేదు. సారు వైపు తిరిగింది. "సారూ, ఆ స్నేహితుడు నిజంగా చేసినాడా, చెయ్యలేదా? నీ ముక్కలో ఉంటాది గదా. ఇప్పుడే చెప్పు."

సారు ముఖం పాలిపోయింది. రివాజు తప్పినా ఫర్వాలేదు చెప్పమని భాయి కూడా అన్నాడు. తన ముక్క ఇంకోసారి చదువుకోవాలని, నెల దాకా వద్దు, వచ్చే ఆదివారమే కూర్చుందామని సారు అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "కథకూ బతుక్కూ ముడిపెడతావేందక్కా? ఎవడో రాసినోడికి మీ ఊరి సంగతి ఏం తెలుసు?"

"నాకు ఎవుర్ని అడగాల్నో తెల్దు," అంది ఆమె. "అడిగేదానికి మనుషులెవరున్నారు? పుస్తకాన్నయినా అడగనీ."



ఆదివారం ఆమె జరీ అంచు నూలు చీర కట్టుకుని వచ్చింది. సంచీ నిండా బత్తాయిలు. కథ వినేసి, నన్ను తోడు తీసుకుని ఆసుపత్రికి పోవాలని అనుకున్నట్టు నాకు అర్థమైంది. ఆమె మనసు సగం మెత్తబడే ఉంది. లేకపోతే పండ్లెందుకు తెస్తుంది? మిగతా సగం కోసం సారు నోటివైపు చూస్తోంది.

సారు ఎంత బాగా చెప్పాడో! నేనూ మైమరిచిపోయి విన్నాను. ఆ స్నేహితుడు పెద్ద ఉద్యోగానికి ఆశపడ్డాడట. ఆఫీసరు చనిపోయిన రాత్రి కిటికీ దగ్గర కూర్చుని గడియారం చూసుకున్నాడట. చివరికి చావబోతూ తానే ఒప్పుకున్నాడట. అక్క కళ్లు మూసుకుని తలూపుతూ వింది.

"నేననుకున్యట్లే," అంది.

సంచీలోంచి బత్తాయిలు ఒక్కొక్కటే తీసి మా టీపాయ్ మీద పెట్టింది. "తినండి. నేను బస్సుకు పోతాండా," అని లేచింది. ఆసుపత్రికి పోదామా అని అడగబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాను. ఆమె వెళ్లిన తర్వాత మేం ఆ పండ్లు ఒలుచుకుని తిన్నాం. చాలా తియ్యగా ఉన్నాయి కూడా. సారు మాత్రం ఒక్క తొన కూడా నోట పెట్టుకోలేదు. 

ఆ వారంలోనే మరిది పోయాడు. శవాన్ని పల్లెకు తీసుకుపోయారు. నేను అక్కకు ఫోన్ చేస్తే గోడవతలి డప్పులు నాకూ వినిపించాయి. "కొడుతాండారు," అంది ఆమె. "నేను రొట్టె చేసుకుంటాండా."  పీట మీద రొట్టె తట్టే చప్పుడు కూడా వినబడింది.

తర్వాత కొన్నాళ్లకు మార్కెట్టుకు పోయి, వచ్చేదారిలో భాయి అంగట్లోకి తొంగిచూశాను. మా పుస్తకం ముక్కలన్నీ వరసగా పేర్చి, దబ్బనం పక్కన పెట్టుకుని, భాయి నమాజుకు వెళ్లాడు. కథ అయిపోయింది కాబట్టి ఇక రివాజు అడ్డం కాదు. సారు అంత బాగా చెప్పిన ముగింపు అచ్చులో ఎలా ఉందో చూద్దామని చివరి ముక్క తీశాను.

అందులో స్నేహితుడు ఏ పాపమూ ఎరుగడు. ఉద్యోగమూ లేదు, గడియారమూ లేదు, ఒప్పుకోలూ లేదు. పెళ్లాం చేసిన పని అది. మొగుడు మంచులో నడవాలి కదా అని, ఆమె అతని బూట్లకు మేకులు కొట్టించడానికి చెప్పులు కుట్టేవాడికి పంపింది. ఎండాకాలంలో మేకుల బూట్లు ఎందుకని ఎదురింట్లో కాపలా ఉన్నవాడికి అనుమానం వచ్చింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. మొగుడి మీద ప్రేమతో చేసిన పని కళ్లున్నవాడికి కనబడింది, అంతే.

నేను భాయి ముక్కాలిపీట లాక్కుని కూర్చుని ఆ పేజీ మళ్లీ చదివాను. నెలరోజులుగా ఆ ఇంటి మిద్దె మీద మగవాడి బట్ట ఆరలేదు. ఉన్నట్టుండి తెల్లటి గంజి పంచె ఎగిరింది. దాన్ని ఎంతమంది చూసి ఉంటారు? నిజంగా దాన్ని చూసే కాపుకాశారా, వేరే ఎలాగైనా తెలిసిందా, ఇప్పుడు చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. వినడం వేరు, తెలియడం వేరు అని పదిమందికీ చెప్పే నేను, ఆ రోజు అక్క నోటినుంచి పంచె సంగతి విని కూడా ఉత్తినే తల ఊపాను. సారుకు మాత్రం ఆ రోజే తెలిసింది, ఎందుకంటే చివరి ముక్క ఆయన అప్పటికే చదివేశాడు.

ఆటో ఎక్కి నేరుగా సారు ఇంటికి పోయాను. వాకిట్లోనే మొదలుపెట్టాను. చదువుకున్నవాడివి, కథ మార్చి చెప్పడానికి నీకు నోరెలా వచ్చింది అన్నాను.

సారు కాదనలేదు. "ఏం చెప్పమంటావమ్మా? నీ మొగుణ్ణి నువ్వే చంపుకున్నావని చెప్పమంటావా, ఈ వయసులో? ఆమెకు మిగిలింది ఆ కోపం ఒక్కటే. దాన్ని గూడా లాక్కుంటే ఏం పెట్టుకోని బతుకుతాది?"

"మరి గోడవతల మనిషో?"

"ఆయన ఎట్లా పొయ్యేవాడే గదా."

"పొయ్యేవాడనే కదా ఆమె పండ్లు తెచ్చింది!" అని అరిచాను. పక్కింటివాళ్లు బయటికి వచ్చి చూశారు.

సారు మంచివాడు. అందుకే నాకు అంత కోపం. చెడ్డవాడు చేస్తే తిట్టి దులుపుకోవచ్చు. ఆమె మీద జాలితోనే ఆయన ఒక మనిషిని రెండోసారి దోషిని చేశాడు, ఆ మనిషి అవతల ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తుండగా. ఇంత తిట్టాను గానీ, పోయి అక్కతో నిజం చెప్పు అని ఎవరైనా నన్ను పంపితే మాత్రం నా కాళ్లు కదిలేవి కావు. చెప్పడానికి నాకూ నోరు రాలేదు.

పుస్తకం కొన్నాళ్లు ఆపమని చెప్పడానికి సారు మర్నాడు భాయి దగ్గరికి పోయాడు. అప్పటికే ఆలస్యమైంది. "పెద్దక్క పొద్దున్నే వచ్చి తీసుకపోయింది సారూ," అన్నాడు భాయి. "మొదటి ముక్క ఆమెదే గదా. ఆకుపచ్చ గుడ్డతో అట్టేసినా. బాగుందనె." పాపం, ఆయనకేం తెలుసు? రివాజు ప్రకారమే ఇచ్చాడు.

అక్క ఫోన్ ఎత్తడం మానేసింది. రోజూ చేశాను. పల్లెకు పోదామని రెండుసార్లు బస్టాండు దాకా వెళ్లి, ఆళ్లగడ్డ బస్సు ఎక్కకుండానే తిరిగొచ్చాను. పోయి ఏం మాట్లాడాలి? అక్క చదువుతూ మధ్యలో విసుగొచ్చి చివరి దాకా పోకుండా వదిలేస్తే బాగుండునని ఒక పిచ్చి ఆశ పెట్టుకున్నాను. శెనక్కాయల పొట్లాన్ని కూడా వదలని మనిషి అది.

తర్వాతి నెల కూడికకు ఆమె వస్తుందని ఎవరూ అనుకోలేదు. వచ్చింది. ఆకుపచ్చ అట్ట పుస్తకం బత్తాయిలు పెట్టిన చోటే, టీపాయ్ మీద పెట్టింది. ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే కూర్చుంది. ముఖం పీక్కుపోయి ఉంది. మేమెవరమూ పుస్తకం ముట్టుకోలేదు.

"మిద్దె మీద తీగె పీకేసినా," అంది.

భాయికీ మందుల షాపాయనకూ ఏమీ అర్థం కాలేదు. సారు తల వంచుకున్నాడు.

"ఆ పొద్దు వాడు పంచె తడి ఆరకుండానే తెచ్చినాడు సారూ. ఎవురన్నా చూస్తారని తెచ్చినాడు. ఏం పని చేస్తివి వదినా అని తిట్టొచ్చు గదా? ఏమీ అనలే. చేతిలో పెట్టి పాయె. ఆయప్ప పోయినంక గూడా అనలే. నేను గోడ పెట్టిస్తాంటే చూస్తా నిలబడుకున్యాడు. అప్పుడు గూడా అనలే." పుస్తకాన్ని కొంచెం పక్కకు జరిపింది. "చెప్పాలన్న మాట అదేనో ఏమో. కాదో ఏమో. నాకు ఇంగ ఎవురు చెప్తారు?"

సారు ఏడ్చేశాడు. అంత వయసు మనిషి మా అందరి ముందూ కండువాతో నోరు మూసుకుని ఏడ్చాడు. "తప్పు చేసినా అక్కా. నీకు నొప్పి తగలకూడదని..."

"తెలుసు," అంది ఆమె. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా నాకు కొంచెం నిబ్బరంగా ఉండేది. "నీ కతే బాగుండాది సారూ. పుస్తకం కంటే అదే బాగుండాది. మల్లా చెప్పు."

సారు వల్ల కాలేదు. ఆమె ముందుకు వంగి ఆయన మోకాలి మీద చెయ్యి పెట్టింది. "చెప్పు సారూ. ఆ స్నేహితుడే చేసినాడని చెప్పు. గడియారం చూసుకుంటా కూర్చున్యాడని చెప్తివి గదా, ఆడినుంచి చెప్పు."

వద్దని నేను అనబోయాను. ఆమె నా వైపు ఒక్క చూపు చూసింది, నోరు మూసుకున్నాను. నా బతుకులో నేను అలా నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ.

సారు మొదలుపెట్టాడు. గొంతు తడబడుతోంది, మాటలు మింగేస్తున్నాడు, ఇదివరకటి సొగసు ఒక్కటీ లేదు. కిటికీ, గడియారం, పెద్ద ఉద్యోగం, చావబోతూ ఒప్పుకోవడం, అన్నీ వరసగా చెప్పాడు. అక్క కళ్లు మూసుకుని విన్నది. వెనకటి చోటే తలూపింది కూడా. కథ అయిపోయింది. మేమందరం ఆమె ముఖమే చూస్తున్నాం.

నేననుకున్యట్లే అని ఈసారి అనలేదు.